క్వేకర్ల మీటింగ్‌కి మంచినీళ్ళ ఛారిటీ పని మీద వెళ్తున్నారా, అయితే ముందు ఇది చదవండి

క్వేకర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఓట్స్ డబ్బా, దాని మీద టోపీ పెట్టుకుని నవ్వే తెల్లజుట్టు పెద్దాయన. నాకూ అంతే, పెన్సిల్వేనియా వచ్చి నాలుగేళ్ళయ్యాక కూడా అంతే. ఆ ఓట్స్ కంపెనీకీ క్వేకర్లనే ఈ క్రైస్తవ శాఖ వాళ్ళకీ అసలు సంబంధమే లేదండి, వీళ్ళు అబద్ధం ఆడరు అన్న పేరు జనంలో ఉంది కాబట్టి 1877లో ఆ పేరుని ట్రేడ్‌మార్క్ చేసేసుకున్నారు, అంతే. ముందే ఎందుకు చెప్తున్నానంటే అక్కడికెళ్ళి "మా ఇంట్లో రోజూ మీ ఓట్సే" అని జోకేస్తే ఎవరూ నవ్వరు, వాళ్ళు చిన్నప్పట్నుంచీ వింటున్న జోకు అది.

మాది కనిగిరి వైపు. తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ జబ్బుని మన దేశంలో డాక్టర్లు మొదటిసారి రిపోర్ట్ చేసింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే మా వైపే, కాబట్టి పళ్ళ మీద గోధుమరంగు చారలు ఎందుకొస్తాయో మాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇక్కడ పది పన్నెండు మందిమి కలిసి చిన్న ఛారిటీ పెట్టుకుని ఊళ్ళల్లో వాటర్ ప్లాంట్లు పెట్టిస్తున్నాం. ఆఫీసులో ఒకావిడ "మీరు క్వేకర్ మీటింగ్‌కి వెళ్ళి చెప్పండి, వాళ్ళు ఇలాంటివి వింటారు" అంటే మీటింగ్ అన్నారు కదా అని ల్యాప్‌టాప్ బ్యాగు, యాభై బ్రోషర్లు, ఇస్త్రీ సూటుతో దిగిపోయాను. ఒక పాత హాలు, చెక్క బెంచీలు ఎదురెదురుగా వేసున్నాయి, ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు, స్టేజీ లేదు మైకు లేదు ఎవరూ ఏమీ మాట్లాడట్లేదు. ఇరవై నిమిషాలు చూశా. ఇంకా మెయిన్ మనిషి రాలేదేమో, ఈలోగా మనమే మొదలెడదాం అనుకుని లేచి నిలబడి, ఆరు నిమిషాలు ఫ్లోరైడ్ గురించి మాట్లాడి, బ్రోషర్లు బెంచీ బెంచీకి పంచి కూర్చున్నా. ఎవరూ ఏమీ అన్లేదు. అయిపోయాక ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని "నువ్వు చెప్పింది మంచి విషయం బాబూ, దానికి మా దగ్గర పన్నెండింటికి వేరే టైముంది" అంది.

నేను ప్రార్థన మధ్యలో లేచి సేల్స్ టాక్ ఇచ్చానన్నమాట. గుళ్ళో హారతి ఇస్తుంటే పూజారికి అడ్డంగా నిలబడి చిట్‌ఫండ్ గురించి చెప్పినట్టు. మీకు అలా జరక్కూడదని ఇది రాస్తున్నా.

1. ఏ రకం మీటింగో ముందు కనుక్కోండి

వీళ్ళ అసలు పేరు రెలిజియస్ సొసైటీ ఆఫ్ ఫ్రెండ్స్. ఒకళ్ళనొకళ్ళు ఫ్రెండ్ అనే అనుకుంటారు. 1650 ప్రాంతాల్లో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ అనే ఆయన మొదలెట్టిన క్రైస్తవ శాఖ, దేవుడికీ మనిషికీ మధ్య పాస్టర్ అక్కర్లేదు, ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంటుంది అన్నది దాని మూలం. పెన్సిల్వేనియాకి ఆ పేరొచ్చిన పెన్‌ల కుటుంబం ఉంది కదా, 1681లో రాజు దగ్గర ఈ నేల పట్టా తీసుకున్న విలియం పెన్ కూడా క్వేకరే, అందుకే ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఏ పాత ఊరికెళ్ళినా రాతి గోడల మీటింగ్ హౌస్ ఒకటి కనపడుతుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఫిలడెల్ఫియా వైపూ ఇంగ్లండ్‌లోనూ ఎక్కువగా ఉండేది అన్‌ప్రోగ్రామ్డ్, అంటే పాస్టర్ లేకుండా గంటసేపు మౌనం. ఇండియానా లాంటి చోట్లా కెన్యాలోనూ ఎక్కువ ఉండేది ప్రోగ్రామ్డ్, పాటలు, పాస్టరు, ప్రసంగం, చూడ్డానికి మామూలు చర్చిలాగే ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద క్వేకర్లు సుమారు 4 లక్షల మంది అంటారు, మిగతా ఏ దేశంలోకన్నా ఎక్కువమంది ఉన్నది కెన్యాలో, ఇది నాకు చాలా ఆశ్చర్యమనిపించింది. పాస్టర్ ఉన్న చోటైతే ఆయనకి ఫోన్ చేసి మామూలు చర్చిని అడిగినట్టే అడగండి, పని సులువు. నేను కింద చెప్పేదంతా మౌనం మీటింగుల గురించి, మనవాళ్ళు తికమక పడేది అక్కడే.

2. ముందు ఒక ఈమెయిల్, స్టాల్ గీల్ వద్దు

ప్రతి మీటింగ్‌కీ ఒక క్లర్క్ ఉంటారు. క్లర్క్ అంటే మన గుమాస్తా కాదు, అలాగని ప్రెసిడెంటూ కాదు, అందరి మాటా విని అందరి మనసులో ఏముందో కాగితం మీద పెట్టే మనిషి. ఆ క్లర్క్‌కి మెయిల్ పెట్టండి. ఇంకా మంచిది ఏంటంటే, చాలా మీటింగుల్లో పీస్ అండ్ సోషల్ కన్సర్న్స్ అనో అలాంటి పేరుతోనో ఒక కమిటీ ఉంటుంది, దానికి కాపీ పెట్టండి. నాలుగు లైన్లు చాలు: మీరెవరు, ఏ ఊళ్ళో ఏం చేస్తున్నారు, ముందు ఒక ఆదివారం వచ్చి ఊరికే కూర్చుంటాను, మీకు వీలున్నప్పుడు సెకండ్ అవర్‌లో ఒక అరగంట మాట్లాడే అవకాశం ఇస్తారా. సెకండ్ అవర్ అంటే మౌనం అయిపోయాక కాఫీ తాగి కూర్చుని ఏదో ఒక విషయం మాట్లాడుకునే టైము, ఒక్కోచోట దానికి ఒక్కో పేరుంటుంది. జవాబు రావడానికి వారం పది రోజులు పడుతుంది, అక్కడ జీతం తీసుకుని పనిచేసేవాళ్ళు చాలాచోట్ల ఉండరు, అందరూ వాలంటీర్లే. రెండో రోజే రిమైండర్ కొట్టే అలవాటు మన ఐటీ వాళ్ళది, దాన్ని ఆఫీసులో వదిలేయండి.

3. మొదటిసారి ఉత్త చేతుల్తో వెళ్ళండి

నా మాట వినండి, మొదటి ఆదివారం బ్రోషర్ ఒక్కటి కూడా జేబులో పెట్టుకోవద్దు. ఉంటే చెయ్యి ఊరుకోదు.

బట్టలు మామూలువి చాలు. సూటూ పట్టుచీరా వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు గానీ మీకే ఇబ్బందిగా ఉంటుంది, పక్కన కూర్చున్న రిటైర్డ్ ప్రొఫెసర్ మోచేతి దగ్గర కుట్లేసిన స్వెట్టర్లో ఉంటాడు, సాదాగా ఉండడం వీళ్ళకి నియమం. పది నిమిషాలు ముందే వెళ్ళండి, ఎందుకంటే మొదటి మనిషి కూర్చున్న క్షణం నుంచే మీటింగ్ మొదలైనట్టు లెక్క, గంట కొట్టడం దీపం వెలిగించడం ఏమీ ఉండదు. లేటైతే తలుపు దగ్గర ఉన్నాయన ఎప్పుడు పంపిస్తే అప్పుడు లోపలికెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. ఫోన్ వైబ్రేషన్లో కూడా పెట్టకండి, ఆ నిశ్శబ్దంలో చెక్క బెంచీ మీద ఫోన్ వణికితే బోరు మోటర్ వేసినట్టు వినిపిస్తుంది, అనుభవం మీద చెప్తున్నా.

పిల్లలుంటే తీసుకెళ్ళండి, సాధారణంగా పిల్లలు ఒక పది పదిహేను నిమిషాలు పెద్దవాళ్ళతో కూర్చుని తర్వాత ఫస్ట్ డే స్కూల్‌కి వెళ్ళిపోతారు. ఆదివారాన్ని పాత క్వేకర్లు ఫస్ట్ డే అంటారు, వారాలకి గ్రహదేవతల పేర్లు ఎందుకని. మన ఆదివారం పేరులోనే సూర్యుడున్నాడు, ఆ చర్చ అక్కడ పెట్టుకోకండి.

4. ఆ గంట ఏం చెయ్యాలి

ఏమీ చెయ్యొద్దు. కళ్ళు మూసుకోండి లేదా కిటికీలోంచి చెట్టు చూడండి. మీకు తెలిసిన జపం మనసులో చేసుకున్నా ఎవరికీ తెలీదు, తెలిసినా ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి పావుగంట ఆఫీసు పనులు గుర్తొస్తాయి, తర్వాత కడుపు గురగురమంటుంది, అది అందరికీ వినపడుతుంది, పర్లేదు.

మధ్యలో ఎవరైనా లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. లోపల్నుంచి ఇక చెప్పకుండా ఉండలేను అనిపిస్తేనే లేవాలి అనేది పద్ధతి. ఒకళ్ళు చెప్పాక వెంటనే ఇంకొకళ్ళు లేవకూడదు, ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం టైమివ్వాలి. చెప్పినదానికి జవాబు చెప్పడం, ఖండించడం, "అన్నగారు చెప్పినట్టు" అని అందుకోవడం ఉండదు. ఒక్కోసారి గంట మొత్తం ఎవరూ నోరు విప్పరు, అది ఫెయిలైన మీటింగేం కాదు.

మీకు లేవాలనిపిస్తే? మొదటి రెండు మూడు సార్లు లేవొద్దనే నేనంటా. ఆ రోజు ఎవరో నీళ్ళ గురించే మాట్లాడారనుకోండి, ఇంకేం దేవుడే ఛాన్సిచ్చాడు అనిపిస్తుంది, అప్పుడు అసలు లేవొద్దు. మీ సంస్థ పేరు గానీ డబ్బు గానీ ఆ గంటలో మీ నోట్లోంచి రాకూడదు.

ఆఖర్న ఒకరు పక్కవాళ్ళకి షేక్‌హ్యాండ్ ఇస్తారు, దాంతో అందరూ అటూ ఇటూ చేతులు కలుపుకుంటారు, అయిపోయింది. మీరు నమస్కారం పెట్టినా బాగానే తీసుకుంటారు. హుండీ తిప్పడం లాంటిది ఉండదు.

5. పేరు చెప్పమంటారు, పేరే చెప్పండి

చేతులు కలిపాక కొత్తగా వచ్చినవాళ్ళని పరిచయం చేసుకోమంటారు. లేచి పేరు, ఊరు, "మొదటిసారి వచ్చాను, కూర్చోనిచ్చినందుకు థాంక్స్" అంటే సరిపోతుంది. తర్వాత ఒంట్లో బాలేనివాళ్ళ పేర్లు చెప్పుకుని వాళ్ళని వెలుగులో ఉంచుదాం అంటారు, అంటే వాళ్ళని తల్చుకుందాం అని. ఆ తర్వాత ప్రకటనలు ఉంటాయి, అక్కడ కూడా మొదటి వారం మీ ప్రకటన వద్దు.

ఇంకో చిక్కు. వీళ్ళకి సర్, మేడమ్, డాక్టర్, రెవరెండ్ ఏవీ లేవు, మనుషులంతా సమానం కాబట్టి ఎనభై ఏళ్ళ ముసలావిడని కూడా పేరు పెట్టే పిలవాలి. మనకి నోరు రాదు. నేను మొదట్లో పేరుకి గారు తగిలించేవాడ్ని, గారు అంటే ఏంటని అడిగారు, గౌరవం అన్నా, అయితే అందరికీ తగిలించు పిల్లలతో సహా అన్నారు. ఇప్పుడు అక్కడ ఆరేళ్ళ పిల్లాడు కూడా నాకు గారే.

6. కాఫీ దగ్గరే అసలు పని

సగం పని ఇక్కడే అవుతుంది, మీరు అడక్కపోయినా అవుతుంది. ఏం చేస్తుంటారు అంటారు, అప్పుడు చెప్పండి, రెండు వాక్యాల్లో. ఇండియా అనగానే పెద్దవాళ్ళు గాంధీ దగ్గరికి వెళ్తారు, ఆయన 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి ఇంగ్లండ్ వచ్చినప్పుడు బర్మింగ్‌హామ్‌లో వుడ్‌బ్రూక్ అనే క్వేకర్ల చదువుల కేంద్రానికి కూడా వెళ్ళారు, ఆ ముచ్చట ఓపిగ్గా వినండి. నాకైతే ఒకావిడ గిన్నెలు కడుగుతూ బర్పాలీ తెలుసా అని అడిగింది. తెలీదన్నా. ఒడిశాలో ఊరు, అమెరికన్ క్వేకర్ల సేవాసంస్థ ఏఎఫ్‌ఎస్‌సీ 1952 నుంచి పదేళ్ళు అక్కడ పనిచేసింది, నీటి సీల్ ఉండే చవక సిమెంటు మరుగుదొడ్డి అక్కడ తయారై చాలా చోట్లకి పాకింది. మన పక్క రాష్ట్రం సంగతి నాకు పెన్సిల్వేనియాలో సింకు దగ్గర తెలిసింది, సిగ్గనిపించింది. ఈ ఏఎఫ్‌ఎస్‌సీ 1917లో పుట్టింది, 1947లో బ్రిటన్ క్వేకర్ల సంస్థతో కలిపి దీనికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కాబట్టి మనం ఏదో కొత్త విషయం వీళ్ళకి నేర్పడానికి వెళ్తున్నాం అనే ఊపులో ఉండకండి, నీళ్ళ ప్రాజెక్టులు ఎలా ఎండిపోతాయో వీళ్ళు మనకంటే ముందే చూశారు.

నెలకోసారి అందరూ వండి తెచ్చుకునే పాట్‌లక్ ఉంటుంది, ఆ రోజు కలిసొచ్చేలా చూసుకోండి. పులిహోర పట్టుకెళ్ళండి, చల్లారినా బాగుంటుంది గనక. కానీ గిన్నె పక్కన చీటీ పెట్టండి, అందులో ఏమేం వేశారో రాయండి. పల్లీలు తప్పకుండా రాయాలి, ప్రాణం మీదకొచ్చే అలర్జీలుంటాయి. ఇంకోటి చాలామందికి తెలీదు, మనం వాడే డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది, అన్నమే కదా అని గ్లూటెన్ లేదు అని రాసేయకండి, నేను రాసేసి తర్వాత పరిగెత్తుకుంటూ వెళ్ళి కొట్టేశాను. మిరపకాయలు ఏరి పక్కన పెట్టండి, పాపం చిక్కుడుకాయ అనుకుని కొరికేస్తారు.

తిన్నాక మీ ప్లేటు మీరే కడగాలి. ప్లాస్టిక్ ప్లేట్లు తేవద్దు, మరీ ముఖ్యంగా నీళ్ళ ఛారిటీ వాళ్ళం కదా అని మీ లోగో అంటించిన చిన్న నీళ్ళ బాటిళ్ళు పంచొద్దు. ఇలా చేసినవాళ్ళున్నారు.

7. మాట్లాడే రోజు: అంకెలు ఉతికి తీసుకెళ్ళండి

సెకండ్ అవర్ మీకిచ్చారు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే మనం మామూలుగా సంఘాల మీటింగుల్లో, గాలాల్లో (అంటే విరాళాల కోసం పెట్టే విందుల్లో) మాట్లాడినట్టు ఇక్కడ మాట్లాడితే పని చెడుతుంది.

క్వేకర్లు కోర్టులో కూడా ప్రమాణం చెయ్యరు. ప్రమాణం చేసినప్పుడు నిజం చెప్తానంటే మిగతా టైములో అబద్ధం ఆడతానని కదా అర్థం, అని వాళ్ళ వాదన. మనకేమో ప్రతి రెండో మాటకీ ఒట్టు, అమ్మతోడు. సో అక్కడ అంకె చెప్తే ఒట్టు లేకుండానే నిలబడాలి.

ఉదాహరణకి మనవాళ్ళ స్లైడ్లలో మొదటిది ఎప్పుడూ ఇదే, ప్రపంచంలో 220 కోట్ల మందికి తాగడానికి నీళ్ళు లేవు. అలా కాదు. డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ కలిసి లెక్కకట్టిన 2022 అంకె అది, సురక్షితంగా నిర్వహించే నీళ్ళు లేనివాళ్ళు 220 కోట్లు, అంటే ఇంటి దగ్గరే, కావాల్సినప్పుడు, కలుషితం కాని నీళ్ళు దొరకనివాళ్ళు. అందులో కనీస స్థాయి నీళ్ళు కూడా లేనివాళ్ళు సుమారు 70 కోట్లు. రెండూ పెద్దవే, రెండూ వేరు. నేను ఈ రెండూ కలిపేసి చెప్తే రెండో వరసలో ఒకాయన, జీవితమంతా వాటర్ డిపార్ట్‌మెంట్లో చేసి రిటైరైనవాడు, చాలా మర్యాదగా "లేవు అంటే ఏది లేవు" అని అడిగాడు. చెప్పలేక నీళ్ళు నమిలా. నీళ్ళ గురించి మాట్లాడ్డానికెళ్ళి.

అదే పెద్దమనిషి అడిగిన ఇంకో ప్రశ్న చెప్తా, ఇది మీకూ వస్తుంది. ఆర్‌ఓ ప్లాంట్ పెట్టారు, బాగుంది, బయటికొచ్చే రిజెక్ట్ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? ఆర్‌ఓలోకి పోసిన నీళ్ళల్లో చాలా భాగం తాగడానికి రాకుండా బయటికి పోతుంది, ఫ్లోరైడ్ అంతా ఆ నీళ్ళల్లో ఇంకా చిక్కగా చేరుతుంది. మా మొదటి ప్లాంటుకి ఆ పైపు పక్కనున్న కాలవలోకి పెట్టాం. నిజం అదే చెప్పా. ఆయన నోట్ చేసుకున్నాడు, నేను సిగ్గుపడ్డా, తర్వాతి ప్లాంటుకి దాని సంగతి ముందే తేల్చుకుని కట్టాం.

ఈ కింది విషయాలు తెలిసి ఉండండి. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. సిమెంటు డబ్బాలో ఇసకా గులకరాళ్ళూ వేసి చేసే బయోశాండ్ ఫిల్టర్ గురించి క్వేకర్లలో చాలామందికి తెలుసు, ఆఫ్రికాలో వాడతారు, ఇసక పైపొరలో పెరిగే సూక్ష్మజీవులే చెడ్డ క్రిముల్ని తినేస్తాయి, ఆ పొర బాగా పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, చాలా మంచి సాధనం, కానీ మన ఫ్లోరైడ్‌కి పనికిరాదు. మీ దగ్గర అది ఎందుకు పెట్టలేదు అని తప్పకుండా అడుగుతారు. నాగ్‌పూర్‌లో ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్ళు 1970ల్లో పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టారు, దాని పేరే నల్గొండ టెక్నిక్, అది కూడా ఒక మాట చెప్పండి, మన జిల్లా పేరు ప్రపంచంలో ఇలా నిలిచిందని వాళ్ళు ఆసక్తిగా వింటారు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది డబ్ల్యూహెచ్‌వో హద్దు, మీ బోరులో ఎంతుందో టెస్ట్ రిపోర్ట్ పట్టుకెళ్ళండి.

తెలీనిదాన్ని తెలిసినట్టు చెప్పొద్దు. మా గ్రూపులో ఒకబ్బాయి శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా నీళ్ళ వల్లే అని స్లైడ్ పెట్టాడు. అక్కడ జనం పడుతున్న బాధ నిజం, కారణం మాత్రం ఇదీ అని ఇంకా తేలలేదు. తీయించేశా, వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఫోటోల సంగతి. కాళ్ళు వంకర్లు పోయిన పిల్లాడి ఫోటో ఒకటి మా దగ్గరుంది, గాలాలో అది పెడితే చెక్కులు రాలతాయి. ఇక్కడ పెట్టా. హాలు నిశ్శబ్దమైంది, నేను బాగా పనిచేసిందనుకున్నా. ప్రశ్నల టైములో ఒక కాలేజీ అమ్మాయి అడిగింది, ఆ అబ్బాయికి ఈ ఫోటో ఇక్కడ చూపిస్తున్నట్టు తెలుసా, వాళ్ళమ్మని అడిగారా. వాడు మా మేనత్త ఇంటి పక్క వీధిలో ఉంటాడు, ఒక ఫోన్‌తో అడగొచ్చు, ఎప్పుడూ అడగలేదు. ఆ రాత్రే ఫోన్ చేస్తే వాళ్ళమ్మ "వద్దు బాబూ, రేపు చెల్లెలికి సంబంధాలు చూడాలి" అంది. తీసేశాం. ఇప్పుడు మా స్లైడ్లో ఉన్నది నీళ్ళ క్యాను మోసుకెళ్తున్న సైకిలు.

పదిహేను నిమిషాలు మాట్లాడి మిగతాది ప్రశ్నలకి వదిలేయండి. మాట్లాడాక కాసేపు ఎవరూ ఏమీ అనకపోతే కంగారుపడి ఇంకో స్లైడ్ తెరవకండి, ఆలోచిస్తున్నారు.

8. డబ్బు అడగడం

మొదట చెయ్యకూడనిది. రాఫిల్ టికెట్లు, లక్కీ డ్రా, కేసినో నైట్ లాంటివి ఎత్తనే ఎత్తొద్దు, జూదం వీళ్ళకి మొదట్నుంచీ పడదు, మంచి పనికైనా సరే. వైన్ పార్టీ ఫండ్‌రైజర్ కూడా మీటింగ్ హౌస్‌లో వద్దు. "ఈరోజే ఇస్తే డబుల్ అవుతుంది" లాంటి తొందర పెట్టే మాటలు కూడా వాళ్ళకి ఎక్కవు.

మనుషులు విడివిడిగా ఇవ్వాలనుకుంటే టేబుల్ మీద కవర్లు పెట్టి మీరు పక్కకి వెళ్ళిపోండి. మీటింగ్ తరఫున ఇవ్వాలంటే అది కమిటీలోంచి బిజినెస్ మీటింగ్‌కి వెళ్ళాలి, నెలకోసారి ఉంటుంది, అదీ మౌనంతోనే మొదలవుతుంది. ఓటింగ్ ఉండదు. ఇరవై మంది సరే అని ఒకరికి మనసొప్పకపోయినా మెజారిటీ ఉంది కదా అని కొట్టుకుపోరు, ఆగుతారు, వచ్చే నెల మళ్ళీ చూస్తారు. అందరి మనసూ ఒకచోటికి వచ్చిందనిపిస్తే క్లర్క్ దాన్ని రెండు వాక్యాలుగా రాసి అక్కడే చదువుతారు, అందరూ అవునంటేనే అది తీర్మానం. మనకి మౌనం అర్ధాంగీకారం, పెళ్ళిచూపుల నుంచి గ్రామసభ దాకా అదే నడుస్తుంది, అక్కడ మాత్రం ఎవరూ మాట్లాడకపోతే ఒప్పేసుకున్నారు అనుకుని ఊళ్ళో మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చేయకండి. మా విషయం మూడు నెలలు పట్టింది. ఆపింది ఎవరో కాదు, ప్లాంటు నడిపే మనిషికి జీతం ఎవరిస్తారు అది రాయలేదే అన్న ఒక్క ఆవిడ. ఆవిడ అడిగింది కరెక్టే, మేం రాయలేదు. ఊళ్ళో క్యానుకి ఎంత తీసుకుంటారో, అందులో కరెంటు బిల్లు ఎంతో, మెంబ్రేన్ మార్చడానికి ఎంత పక్కన పెడతారో ఒక పేజీ రాసిచ్చాక అయ్యింది.

కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. మీది అమెరికాలో రిజిస్టరైన 501 సి 3 సంస్థేనా (అంటే పన్ను మినహాయింపు ఉన్న ఛారిటీయేనా), ఈఐఎన్ అనే మీ సంస్థ పన్ను నంబరు, గత ఏడాది జమాఖర్చులు. నేరుగా ఇండియా సంస్థకి చెక్కు రాస్తే ఇక్కడ సాధారణంగా పన్ను మినహాయింపు రాదు, ఆ మాట మీరే ముందు చెప్పండి. అటువైపు డబ్బు అందుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకోడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉండాలి. 2020 సవరణ తర్వాత విదేశీ డబ్బు ఢిల్లీలో స్టేట్‌బ్యాంక్ మెయిన్ బ్రాంచి అకౌంట్లోకే మొదట రావాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, అలా వచ్చిన డబ్బుని ఇంకో సంస్థకి మళ్ళించకూడదు. మా బాబాయి అకౌంట్లో వేయండి ఆయన చూసుకుంటాడు అనేది మనకి నమ్మకం, వాళ్ళకీ చట్టానికీ కాదు.

9. ఇచ్చాక

చెక్కు వచ్చినా రాకపోయినా తర్వాత ఒకట్రెండు ఆదివారాలు వెళ్ళి కూర్చోండి, పని అయ్యాక మొహం చాటేశాడు అనిపించుకోకుండా. ఆరు నెలలకోసారి ఒక పేజీ ఉత్తరం రాయండి, అందులో పాడైంది కూడా రాయండి. మా రెండో ప్లాంటు మోటరు కాలిపోయి పదిహేడు రోజులు ఆగింది, జనం మళ్ళీ పాత బోరు నీళ్ళే తాగారు, అది రాయాలా వద్దా అని మా గ్రూపులో రెండు రోజులు కొట్టుకున్నాం. చివరికి రాశాం. వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఒకటే లైను, స్పేర్ మోటరు ఎంతవుతుంది అని.

పాట్‌లక్‌లో గిన్నె మర్చిపోయి వచ్చేశారనుకోండి, మళ్ళీ మెయిల్ పెట్టక్కర్లేదు. కడిగి, మీ పేరు రాసిన టేపు అంటించి, వంటింట్లో ఎడమవైపు అరలో పెడతారు, వచ్చే ఆదివారం తెచ్చుకోవచ్చు.